స్కానింగు గొట్టంలో టమోటా వేలం

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను జనాన్ని కదలవద్దని బతిమాలి జీతం తీసుకున్నాను. ఎమ్మారై గదిలో టెక్నీషియన్ చేసే పనిని ఇంతకన్నా కుదించి చెప్పడం నాకు చేతకాదు. యంత్రం ఎంత గొప్పదైనా, దాన్ని నడిపే కంప్యూటరుకు ఎన్ని విద్యలు తెలిసినా, లోపల పడుకున్న మనిషి ముక్కు దురద పుట్టి తల కాస్త పక్కకు తిప్పాడంటే మా కష్టమంతా గంగలో కలిసినట్టే. మళ్ళీ మొదటి నుంచి తీయాలి, మళ్ళీ బతిమాలాలి.

ఇప్పుడు రిటైరై మదనపల్లెలో ఉంటున్నాను, పుట్టి పెరిగిన మిషన్ కాంపౌండుకు కూతవేటు దూరంలో. ఆదివారం చర్చి అయ్యాక టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు కొందరు నా చుట్టూ చేరుతారు. "ఆంటీ, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన కేసు ఏది?" అని అడుగుతారు. రక్తాలు కారుతున్న యాక్సిడెంటు కేసేదో చెబుతాననుకుని కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంటారు. నేను నోరు మూసుకోలేని ఒక మనిషి గురించి మొదలుపెట్టగానే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. మీకూ వాడితే నేనేమీ అనుకోను. కానీ చివరిదాకా వినండి.

అప్పట్లో నేను కుప్పంలో ఒక ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. కుప్పం సంగతి మీకు తెలిసిందే, మూడు రాష్ట్రాల సరిహద్దు. తెలుగులో పలకరిస్తే అరవంలో జవాబు వస్తుంది, అరవంలో అడిగితే కన్నడంలో తల ఊపుతారు. మేం "కదలొద్దు" అనే మాటను మూడు భాషల్లోనూ నేర్చుకున్నాం. మూడింటిలోనూ ఎవరూ వినేవారు కాదు.

నాతో షిఫ్టులో ఉండే టెక్నీషియన్ ఆ ఊరివాడే. నాకంటే చాలా చిన్న, పనిలో చురుకు. అతని పిచ్చి ఒక్కటే, హెడ్‌ఫోనులో పాటలు పెట్టడం. రోగి ముఖం చూసి ఆ మనిషికి ఏ పాట పడుతుందో చెప్పేయగలనని అతని ధీమా. ఒకసారి రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయనకు జాతర్లో వేసే హుషారు పాట పెట్టాడు. ఆయన పైకి గంభీరంగా పడుకునే ఉన్నాడు గానీ దుప్పటి కింద కాళ్ళు మాత్రం ఆడుతున్నాయి. ఆ రోజు ఆయన నడుము ఫోటో మూడుసార్లు తీశాం.

ఇక మా రేడియాలజిస్టు మేడమ్. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చిన పిల్ల. పిల్ల అంటున్నానని అపార్థం చేసుకోకండి, నా కూతురి వయసు అన్న ముద్దు కొద్దీ అంటున్నాను, చదువులో ఆమె కొండ. చాలామంది రేడియాలజిస్టులు రోగి ముఖం చూడకుండానే సర్వీసంతా గడిపేస్తారు. చీకటి గదిలో బొమ్మలు చూస్తారు, రిపోర్టు చెబుతారు, ఇంటికి వెళ్తారు. ఈమె అలా కాదు. బొమ్మలో ఏదైనా పొంతన కుదరకపోతే లేచి వరండాలోకి వచ్చి రోగి పక్కన బెంచీమీద కూర్చునేది. నాకు మొదట్లో అది టైము దండగ అనిపించేది. గట్టిగా అన్నాను కూడా.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరకు వస్తాను.

ఆయన మదనపల్లె టమోటా యార్డులో వేలం పాడేవాడు. సొంతూరు పుంగనూరు దారిలో ఒక పల్లె. ఆ యార్డు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. మండీల ముందు టమోటా క్రేట్లు వరసలుగా పేర్చి ఉంటాయి. వేలం పాడేవాడు వరస వెంట నడుస్తూ ధర ఎత్తుకుంటాడు, చుట్టూ బయ్యర్లు తోసుకుంటూ నడుస్తారు. ఒక పక్క లారీల హారన్లు, ఇంకో పక్క హమాలీల కేకలు. అంత గోలలో మైకు లేకుండా వరస ఆ చివరిదాకా వినపడే గొంతు ఉండాలి, ధర తడబడకుండా ఎక్కించే నాలుక ఉండాలి. ఆయనకు రెండూ ఉండేవి. ఆ నాలుక నడిచే చోటు పక్కనే, తలలో ఎడమవైపు, గడ్డ లేచింది.

ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీశారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఆ దెబ్బకు కొన్నాళ్ళు ఆయనకు మాటలు పోయాయి. టమోటా చేతికిస్తే అదేమిటో తెలుసు, పేరు రాదు. అంకెలు అసలే రావు. ఆ రోజుల్లోనే మొదటిసారి మా దగ్గరకు వచ్చాడు. గొట్టంలో పెడితే బొమ్మలా పడుకున్నాడు. "ఇంత బుద్ధిగా పడుకున్నవాళ్ళను నేను చూడలేదు" అని మెచ్చుకున్నాను కూడా. పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. ఆవుల్ని, ఎనుముల్ని సాకుకుంటూ పాలు పోసే మనిషి, సన్నగా, ముక్తసరిగా మాట్లాడేది. నేను మెచ్చుకున్నప్పుడు ఆమె నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇక్కడ మీరు కొంచెం పాఠం భరించాలి. మామూలుగా ఇలాంటి వాళ్ళకు చేతి నరంలోకి ఒక మందు ఎక్కించి స్కాన్ తీస్తారు. గడ్డ ఉన్న చోట ఆ మందు పట్టుకుని తెల్లగా వెలుగుతుంది. ఈయనకు పాత షుగరు, దానివల్ల కిడ్నీలు అలిసిపోయి ఉన్నాయి. ఆ మందు జోలికి పోవద్దని కిడ్నీ డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని మా మేడమ్ మందు లేకుండా తీసే పద్ధతి ఎంచుకుంది. మెడలోంచి పైకి వెళ్ళే రక్తానికి యంత్రంతోనే ఒక గుర్తు వేస్తాం. ఆ రక్తం తలలోకి చేరాక ఒక ఫోటో, గుర్తు వేయకుండా ఇంకో ఫోటో. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే, తలలో ఎక్కడికి ఎంత రక్తం వచ్చిందో మిగులుతుంది.

ఈ లెక్క ఎందుకంటే, రేడియేషన్ అయ్యాక కొందరికి ఆ చోట వాపు వస్తుంది. మామూలు ఫోటోలో అది గడ్డ తిరగబెట్టినట్టే కనిపిస్తుంది. కానీ నిజంగా గడ్డే పెరుగుతుంటే అది రక్తం కోసం ఎగబడుతుంది, వట్టి వాపు అంత రక్తం అడగదు. గడ్డకు కత్తి కావాలి, వాపుకు మాత్రలు చాలు. తేడా తెలియాలంటే రక్తం లెక్క చూడాలి, ప్రతిసారీ ఒకే తీరున తీసి పాతదాంతో పోల్చాలి.

రెండోసారి వచ్చేటప్పటికి ఆయనకు మాటలు తిరిగొచ్చాయి. నేను చెబుతున్నది ఆ రోజు గురించే. పుంగనూరు, పలమనేరు మీదుగా పొద్దున బస్సుకు దిగారు. వరండా ఆ చివర నుంచే గొంతు వినపడింది.

"అక్కా, బాగుండావా? నన్ను గుర్తుపట్నావా?"

పట్టలేదు. మొదటిసారి చూసిన మనిషికి గొంతు లేదు కదా. మాటలొచ్చినందుకు సంతోషించి, కదిలితే ఎందుకు చెడుతుందో ఈసారి కాస్త వివరంగా చెప్పాను. లోడు లారీని ఒకసారి కాటా వేస్తాం, ఖాళీ లారీని ఒకసారి కాటా వేస్తాం, తేడాయే సరుకు బరువు, మీ తలకు చేసేదీ అదే అన్నాను.

"అట్ల చెప్పక్కా, ఇప్పుడర్థమాయె. లారీ కాటా మింద కదిలితే లెక్క తప్పతాది. నేను గమ్మున పండుకుంటా, నువ్వేం దిగులుపడొద్దు" అన్నాడు.

తీశాం. తల కదల్లేదు, చేయి కదల్లేదు. బొమ్మలు వచ్చాయి. గడ్డ తీసిన చోట కనిపించే మచ్చ మొదటిసారి కంటే పెద్దదైంది. రక్తం లెక్క తీస్తే మచ్చ అంచు పొడుగునా ఎర్రగా మండుతోంది; తెరమీద రక్తం ఎక్కువ చేరిన చోటు ఎరుపు, తక్కువ చేరిన చోటు నీలం. మొదటి స్కానులో అదే చోటు చల్లగా, నీలంగా ఉండింది. మా వాడు, ఆ కుర్ర టెక్నీషియన్, ఏదో కూనిరాగం తీస్తున్నవాడల్లా ఆపేశాడు. మేడమ్ చాలాసేపు చూసి, మెదడు సర్జన్‌కు ఫోన్ చేసింది. ఆయన కిందికి దిగి వచ్చి తెరమీద చూశాడు. చెడ్డవాడేమీ కాదు, మాటలు నానబెట్టే అలవాటు లేనివాడు. భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. గడ్డ తిరగబెట్టినట్టుంది, ఎల్లుండి ఆపరేషన్ పెట్టుకుందాం, ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుంది, అయితే ఈసారి మాట పోవచ్చు, పోతే తిరిగి రాకపోవచ్చు.

సర్జన్ వెళ్ళాక నేను ఆయన వాచీ, మొలతాడు, జేబులోని చిల్లర తిరిగివ్వడానికి వరండాలోకి వెళ్ళాను. ఇద్దరూ బెంచీమీద ఉన్నారు. నన్ను చూసి కూడా మాటలు ఆపలేదు.

"మాట పోతే పోయె. మనిషి ఉంటాడు గదా" అంది ఆమె.

"మాట లేనోడు యార్డుకు పొయ్యి ఏం జేస్తాడు? క్రేట్లు మోస్తాడా?"

"యార్డుకు యాల? ఇంటికాడుండు. ఆవులు తోలుకపో. వాటికి నీ మాటలు పనిలేదు."

"నీకు?"

ఆమె చీర కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

"నాకు నువ్వు గావాల. మాట ఉండేది పొయ్యేది నా చేతిలో ల్యాదు" అంది.

నేను ఆ చిల్లర ఆయన చేతిలో పెట్టి లోపలికి వచ్చేశాను. మా గదిలోకి రోజూ ఎవరో ఒకరు ఇలాంటి కష్టంతో వస్తూనే ఉంటారు, మనసు గట్టిపడకపోతే ఆ ఉద్యోగం చేయలేం. కానీ ఆ పూట టీ చల్లారిపోయినా తాగబుద్ధి కాలేదు.

మేడమ్ మాత్రం తెర ముందునుంచి లేవలేదు. రిపోర్టు చెప్పకుండా బొమ్మను అటూ ఇటూ తిప్పుతోంది.

"అక్కా, ఇటు రండి. ఎడమవైపు సరే, అక్కడ జబ్బు ఉంది. కుడివైపు ఇక్కడ ఎందుకు ఎర్రగా ఉంది?"

చూశాను. మచ్చకు సరిగ్గా ఎదురుగా, కుడివైపున, ఒక చిన్న ఎరుపు. అక్కడ గడ్డ లేదు, ఎప్పుడూ లేదు.

"పెదాలు, నాలుక ఆడించే చోటది. రెండు పక్కలా ఉంటుంది. లోపల ఆయన మాట్లాడాడా?"

"లేదు మేడమ్. మైకులో చప్పుడే లేదు" అన్నాను.

ఆమె లేచి వరండాలోకి నడిచింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆయన పక్కన కూర్చుని తీరిగ్గా అడిగింది.

"లోపల పడుకున్నప్పుడు ఏం చేశారండీ?"

"ఏం జేసేదుండాది మా, గమ్మున పండుకోనుండినా."

"మనసులో ఏమైనా అనుకున్నారా?"

ఆయన తల దించుకున్నాడు. భార్యే చెప్పింది. "పాట పాడింటాడు మేడమ్. వేలం పాట."

ఆయన చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. "తలకాయ మటుకు కదపలా అక్కా, నీమీదొట్టు. పెదాలే రవ్వంత ఆడించినా. శబ్దం గూడా రానీలా."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. మాటలు తిరిగొచ్చినప్పటి నుంచి ఆయనకు ఒకటే భయం, మళ్ళీ పోతాయేమోనని. పొద్దున లేస్తూనే మనసులో ఒక లోడు వేలం పాడి చూసుకుంటాడు. పడుకునే ముందు ఇంకో లోడు. అంకెలన్నీ వరసగా వస్తే ఆ రోజుకు నిశ్చింత. బస్సులో పాడతాడు, పాలు పిండుతూ పాడతాడు.

"ఆ మిషను గడగడా కొట్టి రవ్వంత ఆగతాది, మళ్ళా కొడతాది సూడక్కా. బయ్యరు కోసరం మేము ఆగేది అచ్చం అట్లనే. ఆ సందులో నోరు ఊరికే ఉండల్యా."

మేడమ్ నా చేయి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. మాట్లాడుతుంటే మాట చోటుకు రక్తం పరిగెత్తుతుంది, నోరు ఆడితే బొమ్మ అంచులు కూడా చెదురుతాయి, ఈ రెండూ పోయి మచ్చ పక్కన చేరితే గడ్డలాగే కనిపిస్తుంది, అవునో కాదో నోరు ఆడకుండా తీస్తే గాని తెలియదు అని గబగబా చెప్పింది. మొదటి స్కాను చల్లగా ఎందుకుందో నాకప్పుడు తట్టింది. అప్పుడు పాడటానికి ఆయన దగ్గర అంకెలే లేవు. బొమ్మలా పడుకున్నాడని నేను మెచ్చుకున్నానే, అది బుద్ధి కాదు, లేమి. మనిషి బాగుపడటమే బొమ్మలో జబ్బు ముదిరినట్టు కనిపించి ఉండవచ్చు. మాట పోతుందన్న భయంతో చేసిన సాధనే ఆ మాటను కత్తి కిందికి నెట్టబోయింది.

ఇంకేం, మళ్ళీ తీద్దామన్నాం. అక్కడి నుంచి మా అవస్థ మొదలైంది.

"ఈసారి వేలం వద్దు, మనసులో కూడా వద్దు" అని చెప్పి లోపలికి పంపాను. తీసి చూస్తే అదే ఎరుపు. బయటికి లాగి అడిగితే దాచలేదు.

"నోరు మూసుకోనుండినా అక్కా. నాలిక లోపల్లోపలే తిరగతాండాది. ఆపల్లని సూస్తే ఇంకా జోరు పెరగతాది, నేనేం జేసేది?"

మా వాడు ముందుకొచ్చాడు. తన దగ్గర మంచి మెలోడీ ఉందనీ, దాంతో రాయి కూడా నిద్రపోతుందనీ అన్నాడు. పెట్టాం. మళ్ళీ ఎరుపు.

"పాట బాగుండాదప్పా" అన్నాడు ఆయన గొట్టంలోంచి బయటికొస్తూ. "దాని తాళానికి వేలం ఇంకా బాగా కుదిరింది."

నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ తీస్తూ మైకులో కాస్త గట్టిగానే కసురుకున్నాను. పాపం, నేను కసిరితే మనిషి నవ్వు పోయి బిగుసుకుపోయాడు, అది ఇంకా చెరుపు. నిద్రమందు ఇద్దామా అని మేడమ్‌ను అడిగితే వద్దంది. దాంతో రక్తం లెక్కే మారిపోతుంది, పాత స్కానుతో పోల్చడానికి ఉండదు. పైనుంచి సర్జన్ ఫోన్, ఆపరేషన్ థియేటర్ లిస్టులో పేరు రాయాలా వద్దా అని. మధ్యాహ్నం దాటిపోయింది. బయట రోగులు మూడు భాషల్లో విసుక్కుంటున్నారు.

అప్పుడు ఆయన భార్య తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"నేను లోపలికి వచ్చి ఒక మాట చెప్పొచ్చునా మేడమ్?"

లోపలికి రావాలంటే ఇనుము అనేది ఒంటిమీద ఉండకూడదు. ఆమె తాళికి గుచ్చుకున్న పిన్నీసుల గుత్తి విప్పి నా చేతిలో పెట్టింది. తలలో పిన్నులు తీసింది. జుట్టు విరబోసుకుని ఆయన పాదాల దగ్గర నిలబడింది. ఆయన అప్పటికే గొట్టంలోకి సగం వెళ్ళి ఉన్నాడు, దుప్పటి బయట పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె ఆ పాదాలతోనే మాట్లాడింది.

మా యార్డులో ఒక కట్టుబాటుంది. సరుకు తెచ్చిన రైతు తన క్రేట్ల పక్కన నిలబడతాడు గాని, పాట సాగుతున్నంతసేపూ నోరు తెరవడు. తెరిస్తే బయ్యర్లు ముఖం తిప్పుకుని పక్క వరసకు వెళ్ళిపోతారు. పాట అయిపోయిందని చెప్పాకే రైతుకు మాట్లాడే వంతు. ధర నచ్చితే ఇస్తానంటాడు, నచ్చకపోతే సరుకు వెనక్కి తీసుకుపోతాడు. మదనపల్లెలో పుట్టిన నాకు ఇదంతా తెలుసు. తెలిసి ఏం లాభం, తట్టాలి కదా.

"ఇనప్పా" అంది ఆమె. "ఈపొద్దు పాట నీది గాదు. ఆ మిషనుది. అది పాడుకోనీ. సరుకు నీది. నువ్వు రైతువు, క్రేట్ల పక్కన నిలబడుకోనుండావు. రైతు నోరు తెరస్తాడా?"

"తెరవడు" అని లోపల్నుంచి వినపడింది.

"లోపల్లోపలన్నా పాడతాడా?"

"పాడడు. ధర యాడ ఆగతాదో అని ఇంటాంటాడు."

"అట్లనే ఇను."

ఆయన కాలి బొటనవేలు పట్టుకుని ఆమె అలాగే నిలబడింది. నేను తలుపు వేసి మీట నొక్కాను. యంత్రం గడగడలాడి ఆగింది, మళ్ళీ గడగడలాడింది. నేనెప్పుడూ ఆ చప్పుడును చప్పుడుగానే విన్నాను. ఆ నాలుగైదు నిమిషాలూ మాత్రం ఎవరో ఏదో ధర ఎక్కిస్తున్నట్టే అనిపించింది. ఆయనకెలా ఉందో తలుచుకుంటే నాకు ఏడుపొచ్చినంత పనయింది. జీవితమంతా ఒకరి సరుకుకు ధర పాడిన మనిషి, ఇప్పుడు తనకు ఏ ధర కడతారో తెలియక నోరు మూసుకుని పడుకున్నాడు. మా వాడు నా భుజం మీదుగా తెరలోకి చూస్తూ ఊపిరి బిగబట్టాడు.

బొమ్మ వచ్చింది. కుడివైపు ఎరుపు లేదు. ఎడమవైపు, మచ్చ అంచున, ఎరుపు లేదు. మొదటి స్కానులాగే చల్లగా నీలంగా ఉంది. మేడమ్ నమ్మలేక ఇంకోసారి తీయమంది. తీశాను. మళ్ళీ నీలమే. ఆమె కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అది సంతోషమని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ వెనక్కి రావడానికి వీలుగా. అది రేడియేషన్ వాపే. మాత్రలు వాడాక తీసిన స్కానుల్లో మచ్చ సన్నబడుతూ వచ్చింది. తర్వాతి సీజనుకు ఆయన యార్డుకు వెళ్ళాడు. నేను రిటైరయ్యేదాకా మా దగ్గరకు వస్తూనే ఉన్నాడు, వచ్చిన ప్రతిసారీ రైతులాగే పడుకున్నాడు. అలాగని ఆ గడ్డ మంచిదేమీ కాదు. ఎప్పుడో ఒకప్పుడు తిరిగి రావచ్చునని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇప్పుడెలా ఉన్నాడని అడిగితే, పోయిన నెల కూడా యార్డు గేటు దగ్గర గొంతు విన్నానని చెప్పగలను, అంతవరకే.

చర్చి దగ్గరి పిల్లలతో ఇక్కడ ఆగి ఒక మాట చెబుతాను. పిల్లలూ, మీ చేతికి ఇంకా మంచి యంత్రాలు వస్తాయి. రక్తం లెక్క క్షణాల్లో తేల్చి చెప్పేవి వస్తాయి. ఎన్ని వచ్చినా లోపల పడుకున్నది మనిషే. కదిలారా అని మాత్రమే అడగడం నాకు అలవాటు. లోపల ఏం చేశారు అని అడగడం మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. ఆ బెంచీమీద కూర్చోవడం టైము దండగ అన్న నా మాటను వెనక్కి తీసుకున్నాను, ఆమెతో చెప్పాను కూడా. ఆమె నవ్వి ఊరుకుంది.

సరే, ఆ సాయంత్రానికి వస్తాను.

బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుని, సర్జన్‌ను పిలిపించి, ఇద్దరూ వాదించుకుని ఒక మాటమీదకు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆయన వరండా బెంచీమీద కదలకుండా కూర్చున్నాడు. నేను అటు వెళ్ళినప్పుడు "అక్కా" అని పిలవలేదు. అలిసిపోయాడనుకున్నాను. మా వాడు టీ తెచ్చిస్తే తల ఊపి తీసుకున్నాడు. భయపడుతున్నాడనుకుని వాడు కూడా పలకరించకుండా వచ్చేశాడు.

చివరికి సర్జన్, మేడమ్ ఇద్దరూ వరండాలోకి వచ్చారు. ఆపరేషన్ ఇప్పుడు వద్దు, ఇది వాపులా ఉంది, మాత్రలు రాస్తాను, మళ్ళీ స్కాన్ తీసి చూద్దాం, ఇంటికి వెళ్ళండి అని సర్జన్ చెప్పాడు.

ఆయన చేతులు జోడించాడు. ఏమీ అనలేదు.

"ఇన్నావా? ఆపరేషన్ వద్దంట" అంది భార్య.

తల ఊపాడు. పెదాలు విడివడలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి.

"మాట్లాడప్పా. ఏమన్నా మాట్లాడు."

లేదు. సర్జన్ ముఖం మారిపోయింది. వంగి చేతులు పైకెత్తమన్నాడు, ఎత్తాడు. నవ్వమన్నాడు, నవ్వాడు, మూతి వంకర పోలేదు. వేలు పట్టుకుని నొక్కమన్నాడు, నొక్కాడు. పేరు చెప్పమంటే మాత్రం మా వైపు చూసి ఊరుకున్నాడు. ఇంతా చేసి ఇప్పుడే, మా కళ్ళముందే మాట పోయిందా అనుకున్నాను. మేడమ్ స్ట్రెచర్ తెమ్మని మా వాడికి సైగ చేసింది.

భార్య మాత్రం ఆయన ముఖంలోకే చూస్తోంది. చూసి చూసి, ఆయన ముందు గచ్చుమీద కూర్చుని మోకాళ్ళమీద చేతులు వేసింది.

"పాట అయిపోయిందప్పా" అంది. "ధర మనకు నచ్చలా. సరుకు ఇంటికి తీసకపోతాండాము."

ఆయన పొద్దుటి నుంచి బిగబట్టినంత ఊపిరి వదిలాడు.

"ఆ మాట చెప్పేదానికి ఇంత సేపా?" అన్నాడు.

అంత కష్టంలోనూ పొద్దుట్నుంచి ఒక్క చుక్క కన్నీరు పెట్టని ఆమె, ఆయన మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది.